ల్యాప్‌టాప్‌లోంచి అక్షరాల ఆట బయటికొచ్చేదాకా

నేను చేసిన తెలుగు పదాల ఆట ఈమధ్యే బయటికి వదిలా. ఫోన్లో బ్రౌజర్ తెరిచి ఎవరైనా ఆడుకోవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు, లాగిన్ లేదు, యాడ్స్ లేవు. ఎలా ఆడాలో అక్కడే రాసుంది కాబట్టి ఇక్కడ మళ్ళీ చెప్పను. అది నా ల్యాప్‌టాప్‌లో మొదటిసారి పనిచేసిన రోజుకీ, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూర్చుని ఆడిన రోజుకీ మధ్య చాలా కాలం గడిచింది, ఆ మధ్యలో ఏం జరిగిందో రాయాలనుంది. ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా ఏదో ఒకటి తయారుచేసుకునే ప్రోగ్రామర్లు మనలో చాలామందే ఉన్నారు, ఎలా మొదలుపెట్టాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, ఎలా ముగించాలో చెప్పేవాళ్ళు మాత్రం నాకు పెద్దగా కనపడలేదు.

ఆలోచన కొత్తదేం కాదు. 2022 జనవరిలో వర్డల్ అనే ఆన్‌లైన్ ఆట, రోజుకో అయిదక్షరాల ఇంగ్లీషు పదం కనుక్కునేది, ఊపు ఊపిన రోజులు గుర్తున్నాయి కదా, ఏ గ్రూపులో చూసినా ఆకుపచ్చ పసుపు గళ్ళే. వేరే వేరే భాషలవాళ్ళు తమ భాషలో ఒకటి చేసుకోవటం మొదలుపెట్టారు, తెలుగులో కూడా వచ్చాయి. నాకు ఇంకొంచెం వేరే రకంగా ఉండాలనిపించింది, ఒక ఆధారం ఇచ్చి దానికి సరిపోయే పదం కనుక్కోమనాలి, పేపర్లో వచ్చే గళ్ళ నుడికట్టుకీ వర్డల్‌కీ మధ్యలో ఉండేదన్నమాట. కొన్ని వీకెండ్లలో ఆడగలిగే స్థితికి వచ్చేసింది. పదం కొడితే గళ్ళు రంగు మారుతున్నాయి, గెలిస్తే గెలిచారు అని వస్తోంది. ఆ రాత్రి చాలా సంతోషమేసింది, ఇంకేముంది వచ్చే వారం పెట్టేద్దాం అనుకుని పడుకున్నా.

ఇల్లు కట్టించినవాళ్ళకి తెలుస్తుంది ఇది, స్లాబ్ పడ్డ రోజున ఇల్లు అయిపోయినట్టే ఉంటుంది, దారినపోయేవాళ్ళు గృహప్రవేశం ఎప్పుడండీ అని అడుగుతారు, కానీ వైరింగు, ప్లంబింగు, ప్లాస్టరింగు, టైల్సు, తలుపులు అన్నీ ఆ తర్వాతే, టైమూ డబ్బూ తినేవి కూడా అవే. సాఫ్ట్‌వేర్లో ఈ మాట చాలా ఏళ్ళ కిందటే బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టామ్ కార్గిల్ చెప్పాడు, మొదటి 90 శాతం కోడ్‌కి 90 శాతం టైం పడుతుంది, మిగిలిన 10 శాతం కోడ్‌కి ఇంకో 90 శాతం టైం పడుతుంది అని. 1985లో జాన్ బెంట్లీ అనే కంప్యూటర్ సైంటిస్ట్ ప్రోగ్రామింగ్ మీద రాసే తన కాలమ్‌లో వేస్తే అందరికీ తెలిసింది. ఆ మాట విని నవ్వుకుంటాం గానీ ఆ రెండో 90 శాతంలో ఏమేం ఉంటాయో ఎవరూ విప్పి చూపించరు. నాకు ఎదురైనవి చెప్తా.

మొదటిది అక్షరాల లెక్క. ఇంగ్లీషు ఆటలో అయిదు గళ్ళంటే అయిదు అక్షరాలు, కంప్యూటర్‌కి కూడా అయిదే. తెలుగులో "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, ఒక్క గడిలో పట్టాలి. కంప్యూటర్ లోపల మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు, మొత్తం 6 కోడ్ పాయింట్లు, అంటే కంప్యూటర్ విడివిడిగా లెక్కపెట్టే గుర్తులు. బ్రౌజర్లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో పొడవు ఎంత అని అడిగితే 6 అంటుంది. దీనికోసమే బ్రౌజర్లలో ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అని ఒకటుంది, కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టి ఇస్తుంది, నేను అదే వాడా, నా ల్యాప్‌టాప్‌లో చక్కగా 1 అని వచ్చింది. ఒక స్నేహితుడి పాత ఫోన్లో పెట్టి చూస్తే అదే స్త్రీ మూడు గళ్ళు ఆక్రమించింది, స్ ఒక గడి, త్ ఒక గడి, రీ ఒక గడి. "రాష్ట్రం" రెండు గళ్ళు ఉండాల్సింది నాలుగైంది. కోడ్ ఒక్క ముక్క మారలేదు, ఫోన్ మారిందంతే.

కారణం వెతుక్కుంటూ పోతే తేలిందేంటంటే, కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ రూల్స్‌లో పొల్లు దగ్గర అక్షరం తెగిపోయినట్టే చాలా ఏళ్ళు లెక్క, 2023 సెప్టెంబర్లో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త రూల్ పెట్టి తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం సంయుక్తాక్షరాలని ఒక్కటిగా చూడమన్నారు. కొత్త రూల్ ఎక్కిన బ్రౌజర్లో ఒక లెక్క, ఎక్కనిదాంట్లో ఇంకో లెక్క. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ఈ సెగ్మెంటర్ రావటమే 2024 ఏప్రిల్లో, 125 వెర్షన్లో. ఆట ఆడేవాళ్ళ దగ్గర ఏ ఫోన్ ఉంటుందో నా చేతిలో లేదు కదా, అందుకని బ్రౌజర్‌ని నమ్మటం మానేసి నేనే చిన్న రూల్ రాసుకున్నా, ఒక హల్లు, దాని వెనక పొల్లూ హల్లూ ఎన్నిసార్లు వచ్చినా సరే, ఆఖర్న గుణింతం గుర్తు, సున్నా విసర్గ ఉంటే అవి, ఇదంతా ఒక గడి. రాస్తే కొన్ని లైన్లే, కానీ అన్ని రకాల పదాల మీద పరీక్ష పెట్టి, "బస్" లాంటి పొల్లుతో ముగిసే పదాల్ని ఏం చేయాలో తేల్చుకుని, ఇంక ఇది తప్పదు అని నమ్మకం కుదరటానికి పట్టిన టైం, మొదట్లో మొత్తం ఆట తయారవటానికి పట్టిన టైం కంటే ఎక్కువ.

తెలుగు అక్షరం పెద్ద పెద్ద కంపెనీలనే తిప్పలు పెట్టింది లెండి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" మెసేజ్‌గా వస్తే ఐఫోన్లో ఆ మెసేజ్ తెరిచిన యాప్ కుప్పకూలేది, జకీ ఞకీ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం, ఆ వరసలో వస్తేనే. ఆపిల్ వాళ్ళు ఆ నెల 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. నేను పోగేసిన పదాల్లో కూడా ఆ కనిపించని గుర్తు చాలాచోట్ల దాక్కుని ఉంది, ఒకే పదం రెండుసార్లు ఉంటుంది, చూడటానికి అచ్చం ఒకేలా ఉంటాయి, పోల్చి చూస్తే సమానం కాదంటుంది. అన్నీ ఏరి తీసేయాల్సొచ్చింది.

తర్వాత గళ్ళు. చతురస్రం గడిలో ఇంగ్లీషు అక్షరం ఎక్కడైనా కూర్చుంటుంది. "క్ష్మీ" కూర్చోబెట్టి చూడండి, పైన గుడి గడి అంచుని తాకుతుంది, కింద వత్తు తెగిపోతుంది. ఎత్తు పెంచితే "అ" గడి మధ్యలో ఒంటరిగా చిన్నగా కనిపిస్తుంది. ఫాంట్ మారిస్తే మళ్ళీ మొదటినుంచి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, మనవాళ్ళు కష్టపడి చేసి ఓపెన్ లైసెన్స్ కింద ఇచ్చినవి, వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి. ఒక్కోదాంట్లో వత్తులు ఒక్కోలా దిగుతాయి, నా గళ్ళకి ఏది సరిపోతుందో చూస్తూ కూర్చున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి.

ఇవన్నీ కష్టాలే గానీ వీటివల్ల ఎవరూ ప్రాజెక్ట్ వదిలేయరు. టెక్నికల్ చిక్కు వస్తే ప్రోగ్రామర్‌కి ఉత్సాహం పెరుగుతుంది, రాత్రి రెండింటిదాకా కూర్చుంటాడు. ప్రాజెక్ట్ ఆగేది కొత్త ఆలోచనల దగ్గర అని నా గట్టి నమ్మకం. గళ్ళతో కుస్తీ పడుతుండగానే నా నోట్స్‌లో లిస్ట్ పెరుగుతూ పోయింది, వరసగా ఎన్ని రోజులు గెలిచారో చూపించాలి, స్నేహితులతో పోటీ పెట్టాలి, పద్యపాదం ఇచ్చి ఖాళీ పూరించమనాలి, పిల్లలకి తేలిక లెవెల్ ఉండాలి, డార్క్ మోడ్ ఉండాలి, హల్లు సరిపోయి గుణింతం తప్పైతే దానికి వేరే రంగు ఉండాలి, అంటే సమాధానంలో కి ఉన్నచోట కా అని కొడితే సగం రంగు చూపించాలి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మంచి ఆలోచనే, అదే ఇందులో ఉన్న ఇబ్బంది. కొత్త ఫీచర్ మొదలుపెట్టిన రాత్రి ఉండే సంతోషం, మిగిలిపోయిన పని ముగించే రాత్రి ఉండదు. పైగా కొత్త ఫీచర్‌ని ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ముగించే పని అలా కాదు, అది అయిపోయిందంటే నెక్స్ట్ వేరేవాళ్ళ చేతిలో పెట్టాలి. రెండింట్లో ఏది ఎంచుకుంటామో చెప్పక్కర్లేదు, పగలంతా ఆఫీసులో టికెట్లు, అంటే అప్పగించిన పనుల చిట్టా, ఒక్కొక్కటీ మూసి ఇంటికొచ్చినవాడికి మళ్ళీ టికెట్లు మూయమంటే ఎలా ఉంటుంది.

ఇది మారింది మా పెద్దమ్మ వల్ల. తెనాలిలో ఉంటారు, తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యారు, పొద్దున పేపర్ రాగానే నుడికట్టు పూర్తిచేస్తే గానీ కాఫీ గ్లాసు కింద పెట్టరు. పండక్కి వెళ్ళినప్పుడు ఫోన్లో ఆట తెరిచి చేతికిచ్చా. నా సొంత కీబోర్డు, అచ్చులు ఒక వరస, హల్లులు వర్గాల ప్రకారం, కింద గుణింతాలు, చాలా శ్రద్ధగా చేసిందది. పెద్దమ్మకి సమాధానం ఆధారం చదవగానే తెలిసిపోయింది, పైకి కూడా అనేశారు, కానీ కొట్టటానికి అవస్థ పడ్డారు. వత్తు ఎలా వస్తుందో చెప్పా, పొల్లు నొక్కి తర్వాత అక్షరం నొక్కాలి పెద్దమ్మా అని. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి "ఏరా, పేపర్లో స్త్రీ అని ఒక్కసారి రాస్తా, ఇక్కడ ఆరుసార్లు నొక్కాలంటావేంట్రా. ఇన్ని మీటల్లో వెతుక్కోవటం నావల్ల కాదు నాన్నా. అక్షరాలు నాముందు పెట్టు, నేను పేర్చుకుంటా" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ మాటే ఆలోచించా. అక్షరాలు ముందే ఇచ్చేస్తే, పదంలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని కలిపి ఒక ట్రేలో పెడితే, కీబోర్డే అక్కర్లేదు. కీబోర్డు లేకపోతే వత్తు ఎలా కొట్టాలో నేర్పే పేజీ అక్కర్లేదు. అది ఒక్కటే కాదు, అప్పటిదాకా నన్ను అన్నిటికంటే ఎక్కువ తినేసిన నిఘంటువు సమస్య కూడా పోయింది. ఎందుకంటే ఆడేవాళ్ళు ఏ పదమైనా కొట్టొచ్చు అంటే అది నిజంగా తెలుగు పదమో కాదో ఆట చెప్పగలగాలి, తెలుగులో చెట్టు, చెట్లు, చెట్టుకి, చెట్లలో, చెట్టయినా అన్నీ పదాలే, ఏ నిఘంటువులోనూ అవన్నీ ఉండవు. పెళ్లి అని రాసేవాళ్ళు కొందరు, పెళ్ళి అని రాసేవాళ్ళు కొందరు, రెండూ ఒప్పుకోవాలి. బ్రౌన్ నిఘంటువు 1903 ఎడిషన్ డిజిటల్‌గా దొరుకుతుంది, మహానుభావుడి పని, కానీ అందులో సగం పదాలు ఇప్పుడు ఎవరూ వాడరు, ఇప్పుడు వాడేవి చాలా అందులో లేవు. వికీపీడియాలాగే ఎవరైనా రాయగలిగే నిఘంటువు విక్షనరీ పదాలు తీసుకోవచ్చు, వాళ్ళ లైసెన్స్ ప్రకారం మనం చేసిన లిస్ట్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, ఇవ్వటానికి నాకేం అభ్యంతరం లేదు గానీ శుభ్రం చేయటానికి ఒక జీవితకాలం కావాలి. ట్రే పద్ధతిలో ఇదేమీ అక్కర్లేదు, సమాధానంగా వచ్చే పదాలు మాత్రం ఉంటే చాలు, వాటిని నేను చేత్తో ఏరుకోవచ్చు.

వర్డల్ చేసిన జాష్ వార్డల్ కథ నాకు ధైర్యం ఇచ్చింది. అందరూ 2021 అక్టోబర్లో జనాల్లోకి వచ్చిందని, 2022 జనవరి ఆఖర్న న్యూయార్క్ టైమ్స్ కొనేసిందని చెప్తారు, కానీ అతను మొదటి ప్రోటోటైప్ చేసింది 2013లో. చేసి పక్కన పడేశాడు. మళ్ళీ తీసింది తనతో ఉండే ఆవిడ పదాల ఆటలు ఇష్టంగా ఆడుతోందని, ఆవిడ కోసం. ఇంగ్లీషులో అయిదక్షరాల పదాలు దాదాపు 12,000 ఉంటే ఆవిడే కూర్చుని తనకి తెలిసిన పదాలు, తెలియనివి వేరుచేసి దాదాపు 2,500కి తగ్గించింది. రోజుకి ఒక్క పదమే అని పెట్టుకున్నారు. అంటే ఎనిమిదేళ్ళు మూలన పడున్న ప్రాజెక్ట్ బయటికి రావటానికి ఒక మనిషి ఎదురుచూడటం, పదాలు తగ్గించటం కారణమయ్యాయి. ఏదో కలపటం వల్ల వచ్చింది కాదు.

నేను కూడా అదే పని చేశా. పదాల లిస్ట్ తయారుచేసి పెద్దమ్మకి పంపించా, ఆవిడ పెన్నుతో టిక్కులు పెట్టి ఫొటోలు తీసి పంపేవారు, పక్కన చిన్నగా రాసేవారు, ఇది ఇప్పటి పిల్లలకి తెలియదు, ఇది బాగుంది ఉంచు, ఈ ఆధారం తప్పు అని. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఏమైందిరా నా ఆట" అని అడిగేవారు. నేను చెప్పొచ్చేదేంటంటే, సొంత ప్రాజెక్ట్‌కి మేనేజర్ ఉండడు, డెడ్‌లైన్ ఉండదు, ఆగిపోయినా ఎవరికీ తెలియదు. ఒక్క మనిషి, యూజర్లు అని కాదు, పేరూ ఊరూ ఉన్న ఒక్క మనిషి రోజూ అడుగుతుంటే అది వేరే సంగతి. ఏ ఫీచర్ ఉండాలి ఏది అక్కర్లేదు అన్నది కూడా అప్పుడు తేలికైంది, పెద్దమ్మకి కావాలా వద్దా అని చూసుకుంటే చాలు. డార్క్ మోడ్ ఆవిడ అడగలేదు. అక్షరాలు పెద్దగా కావాలన్నారు, అది పెట్టా.

వరసగా ఎన్ని రోజులు గెలిచారో చూపించటం కూడా వదిలేశా, దానికి టెక్నికల్ కారణం కూడా ఉంది, లాగిన్ లేకుండా ఆ లెక్క ఫోన్లోనే దాచాలి, సఫారీ బ్రౌజర్ 2020 నుంచి, హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోని సైట్ జోలికి వెళ్ళకుండా బ్రౌజర్ 7 రోజులు వాడితే ఆ సైట్ దాచుకున్నది చెరిపేస్తుంది. ఊరెళ్ళి వచ్చేసరికి మనిషి కష్టపడి కట్టుకున్న వరస పోతే బాధపడతారు. లాగిన్ పెడితే సర్వర్ కావాలి, సర్వర్ ఉంటే నెలనెలా బిల్లు, సెక్యూరిటీ, వాళ్ళ వివరాల బాధ్యత. ఒక చిన్న ఫీచర్ వెనక ఇంత బండెడు పని వస్తుందని ముందే కనిపిస్తే వద్దనుకోవటం సులువు.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ చేసిన టెక్ (TeX) అనే ప్రోగ్రామ్ గురించి కూడా ఇక్కడ చెప్పాలి. పుస్తకాలు అచ్చు అందంగా రావట్లేదని 1977లో సొంతంగా టైప్‌సెట్టింగ్, అంటే అచ్చుకి పేజీలో అక్షరాలు పేర్చే, ప్రోగ్రామ్ రాయటం మొదలుపెట్టాడు, 1978 సెలవు సంవత్సరంలో అయిపోతుందనుకున్నాడు, ఇంచుమించు పదేళ్ళు పట్టింది. నాకు నచ్చింది ఆ తర్వాత చేసిన పని. ఇక దీనికి కొత్త ఫీచర్లు ఉండవు, తప్పులుంటే సరిచేస్తా అంతే అని ప్రకటించి, వెర్షన్ నంబర్‌ని గణితంలోని పై (π) విలువ దగ్గరికి ఒక్కో అంకె చొప్పున జరుపుకుంటూ పోతున్నాడు, 2021లో వచ్చింది 3.141592653. అంతటి మనిషి ఇంక చాలు అని గీత గీశాడు కాబట్టే నలభై ఏళ్ళ కిందటి డాక్యుమెంట్ ఇవాళ పెట్టినా అలాగే వస్తుంది. నేనూ ఒక కాగితం మీద ఈ ఆట ఏమేం చేయదో రాసి గోడకి అంటించా. ఏమేం చేస్తుందో రాసుకున్న లిస్ట్ కంటే అదే ఎక్కువ పనికొచ్చింది.

ఇంక కోడ్‌తో సంబంధం లేని పనులు. మన ఐటీ ఉద్యోగాల్లో చేరేటప్పుడు ఆఫర్ లెటర్‌తో పాటు ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెడతాం, చాలావాటిల్లో ఉద్యోగంలో ఉండగా మీరు తయారుచేసినది ఏదైనా మాదే అనో, బయట పని చేయాలంటే పర్మిషన్ తీసుకోవాలనో ఉంటుంది. దయచేసి అది తీసి చదవండి. నేను చదివి, మేనేజర్‌కి చెప్పి, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టా, నా సొంత ల్యాప్‌టాప్ మీద, ఆఫీసు టైం కాని టైంలో, కంపెనీ వ్యాపారానికి ఏ సంబంధం లేని తెలుగు పదాల ఆట చేస్తున్నా, డబ్బులు తీసుకోవట్లేదు అని. జవాబు రావటానికి కొంతకాలం పట్టింది, ఒకటి రెండుసార్లు గుర్తుచేయాల్సొచ్చింది, కానీ అభ్యంతరం లేదని రాతపూర్వకంగా వచ్చింది. ఆ మెయిల్ ప్రింట్ తీసి పెట్టుకున్నా. భయపడి అడగకుండా ఏళ్ళ తరబడి ప్రాజెక్టులు దాచుకున్నవాళ్ళు నాకు తెలుసు, అడిగితే చాలాసార్లు సరే అంటారు.

ప్లే స్టోర్‌లో ఎందుకు పెట్టలేదని చాలామంది అడుగుతున్నారు. 25 డాలర్లు ఒక్కసారి కట్టాలి, అది సమస్య కాదు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్లకి ఒక రూల్ ఉంది, అందరికీ వదిలేముందు క్లోజ్డ్ టెస్ట్, అంటే ఎంచుకున్న కొద్దిమందితో పరీక్ష, పెట్టాలి, మొదట 20 మంది టెస్టర్లు అన్నారు, 2024 డిసెంబర్లో 12కి తగ్గించారు, వాళ్ళు వరసగా 14 రోజులు టెస్ట్‌లో ఉండాలి. పనికిరాని యాప్‌లు ఆపటానికి పెట్టారు, సబబే. దాంతోపాటు ప్రైవసీ పాలసీ పేజీ, డేటా సేఫ్టీ ఫారం, ఏ వయసువాళ్ళకో చెప్పే ప్రశ్నల పట్టిక, 512 బై 512 ఐకాన్, 1024 బై 500 బ్యానర్, స్క్రీన్‌షాట్లు. పెట్టాక కూడా ఏటా కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు మార్చి ఎక్కిస్తూ ఉండాలి, ఊరికే వదిలేస్తే కొన్నాళ్ళకి కొత్త ఫోన్లవాళ్ళకి కనిపించదు. ఆపిల్‌కైతే ఏడాదికి 99 డాలర్లు. ఉచితంగా ఇచ్చే ఆటకి ఒంటరిగా ఇవన్నీ మోయటం కంటే వెబ్ పేజీగా పెట్టి, కావాలంటే హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోండి అని చెప్పటం నాకు మేలనిపించింది. పెద్దమ్మకి వాట్సాప్‌లో లింక్ పంపితే నొక్కి ఆడేశారు, ఇన్‌స్టాల్ అనే మాటే రాలేదు. మీ ప్రాజెక్ట్‌కి కెమెరానో నోటిఫికేషన్లో బాగా కావాల్సుంటే స్టోర్ తప్పదేమో, లేకపోతే వెబ్ ఒకసారి ఆలోచించండి.

అన్నీ అయ్యాక కూడా ఆఖరి మీట నొక్కటానికి చెయ్యి రాలేదు. తెలుగు విషయంలో మనవాళ్ళు చాలా పట్టింపుగా ఉంటారు, ఒక వత్తు తప్పితే వెంటనే చెప్తారు. ఒక ఆధారంలో తప్పుంటే ఏమవుతుంది, తెలుగు పండితులెవరైనా చూసి ఇదేం తెలుగు అంటే ఏమవుతుంది, ఈ ఆలోచనలతో మళ్ళీ మళ్ళీ లిస్ట్ మొదటినుంచి చదివా. అలా చదవటానికి అంతుండదు. ఆ ఆదివారం పెద్దమ్మ "అచ్చుతప్పు లేని పుస్తకం నేను ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్కటీ చూళ్ళేదురా, పిల్లలు వాటితోనే చదువుకున్నారు" అన్నారు. ఆ సాయంత్రమే పెట్టేశా.

వచ్చిన మెసేజ్‌లు నేను భయపడినట్టు అస్సలు లేవు. ఒకాయన మాత్రం గట్టిగా అడిగారు, మహబూబ్‌నగర్ నుంచి, గోరుచిక్కుడు అని సమాధానం పెట్టారు, మేము గోకరకాయ అంటాం, ఆట మొత్తం ఒక వైపు తెలుగే ఉంది అని. మర్యాదగానే అడిగారు, సరైన మాటే అడిగారు. అనంతపురం వైపువాళ్ళు అదే కాయని మటిక్కాయ అంటారు. లిస్ట్ తయారుచేసింది తెనాలి మనిషి, నేనూ అటువాడినే, కాబట్టి పదాలు అటే ఒరిగాయి. ఆయన్నే అడిగా, మీ వైపు పదాలు రాసి పంపుతారా అని. పంపారు, చాలా పంపారు, వాళ్ళ అమ్మగారిని అడిగి మరీ. ఇది నా ల్యాప్‌టాప్‌లో ఎన్నేళ్ళు కూర్చుని మెరుగులు దిద్దినా జరిగేది కాదు. ఇప్పుడు ప్రతి పదానికీ ఏ ప్రాంతంలో వాడతారో రాస్తున్నాం, సమాధానం చూపించేటప్పుడు మిగతా చోట్ల ఏమంటారో కింద వస్తుంది. గోడ మీది కాగితంలో ఈ ఫీచర్ "చేయదు" వైపు కూడా లేదు, అసలు నాకు తట్టనే లేదు.

ఇంత పొడుగ్గా ఎందుకు రాశానంటే, 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 8 కోట్ల 11 లక్షలమంది, అయినా తెలుగులో చిన్న చిన్న పనిముట్లు, పిల్లల ఆటలు, ప్రాస వెతికే టూల్, ఇలాంటివి ఏ పెద్ద కంపెనీ కూర్చుని చేయదు, వాళ్ళకి లాభం లేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే లేఖిని లాంటిది ఎవరో ఒకరు పూనుకుని చేసి బయట పెట్టారు కాబట్టి నెట్‌లో అంతమంది తెలుగు టైప్ చేయగలిగారు. అంటే తెలుగులో ఇలాంటివి ఉన్నాయంటే చాలావరకు ఒంటరిగా కూర్చుని చేసి బయటికి వదిలినవాళ్ళవే. వదలనివి లేనట్టే. నాకు తెలిసినవాళ్ళలోనే ఒకతను ఛందస్సు చూసే ప్రోగ్రామ్ రాసుకున్నాడు, గణాలు విడగొట్టి యతిప్రాసలు చూపిస్తుంది, చాలా బాగుంటుంది, మూడు పద్యాలు తప్పు చూపిస్తోందని బయట పెట్టట్లేదు. ఒకావిడ వాళ్ళ నాన్నగారి చేతిరాతతో ఫాంట్ చేసుకున్నారు, కొన్ని సంయుక్తాక్షరాలు మిగిలాయని ఆపేశారు. ఆ మూడు పద్యాలు తప్పని పేజీ మీద రాసి పెట్టెయ్యి బాబూ, ఆ అక్షరాలు లేవని రాసి ఇచ్చేయండి అక్కా, లేని అక్షరం గీసి పంపేవాళ్ళు ఎక్కడో ఉంటారు.

నా ఆటలో ఇప్పటికి లేనివి ఇవి: పోటీ లేదు, పద్యాలు లేవు, డార్క్ మోడ్ లేదు, పిల్లల లెవెల్ లేదు. పిల్లల లెవెల్ ఒక్కటి వచ్చే వేసవి సెలవుల్లోపు పెట్టాలని ఉంది, పెద్దమ్మ దగ్గర చదువుకున్న ఒక టీచరమ్మ పదాలు ఏరి ఇస్తానన్నారు. పదాల లిస్టూ, ఆధారాలూ, అక్షరాలు విడగొట్టే ఆ కొన్ని లైన్ల కోడూ అన్నీ ఓపెన్‌గా పెట్టా, లింక్ ప్రొఫైల్‌లో ఉంది. నుడికట్టు చేసేవాళ్ళు, స్కూల్లో వాడుకోవాలనుకునేవాళ్ళు అడగక్కర్లేదు, తీసేసుకోండి. శ్రీకాకుళం, ఆదిలాబాద్ వైపు పదాలు ఇంకా చాలా తక్కువున్నాయి, ఆ వైపువాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక పది పదాలైనా పంపండి.